ఒకే కీర్తన, పలు రికార్డులు: ఎలా పోల్చాలి, ఏది కొనాలి

కర్ణాటక సంగీతంలో పేరున్న ఏ కీర్తనకైనా రికార్డు ఒక్కటే ఉండదు. త్యాగరాజస్వామి రచన ‘ఎందరో మహానుభావులు’ గాత్రంలో దొరుకుతుంది. వయొలిన్ మీద, వీణ మీద, నాదస్వరం మీద, బృందగానంగానూ దొరుకుతుంది. ఒకే విద్వాంసుడు యౌవనంలో పాడినదీ, వయసు మళ్లాక పాడినదీ పక్కపక్కనే అమ్మకానికి ఉంటాయి. వీటిలో డబ్బు పెట్టి ఇంట్లో ఉంచుకోదగ్గది ఏది అన్నది సంగీతం ఇష్టపడే ప్రతి ఇంట్లోనూ వచ్చే ప్రశ్న. ‘ఫలానావారు పాడిందే గొప్ప’ అనే మాట దానికి జవాబు కాదు. రికార్డులను పోల్చడానికి ఒక వరుస ఉంది. ముందు ఆ రికార్డు ఏ సందర్భంలో, ఎంత నిడివికి తయారైందో తెలుసుకోవాలి. తర్వాత కీర్తన రూపం చెడకుండా ఉందో లేదో చూడాలి. ఆ పైన గాయకుడి మనోధర్మాన్ని, అంటే అప్పటికప్పుడు అల్లే సంగీతాన్ని, తూచాలి. చివరగా ధ్వని నాణ్యతను చూడాలి. ఈ వరుస తలకిందులైతే, శుభ్రంగా మోగే మామూలు రికార్డు చేతికొస్తుంది, గొప్ప రికార్డు చేజారిపోతుంది.

ఈ పోలికలో సినిమా సంగతి కూడా వస్తుంది. బోరబండ, యూసుఫ్‌గూడ, కృష్ణానగర్, ఫిల్మ్‌నగర్, జూబిలీహిల్స్ హైదరాబాదులో తెలుగు సినిమాకు ఆయువుపట్టయిన పేటలు. 1976లో అక్కినేని నాగేశ్వరరావు అన్నపూర్ణ స్టూడియోస్‌ను నెలకొల్పిన కాలం నుంచి పరిశ్రమ మద్రాసు విడిచి మెల్లమెల్లగా ఈ వైపు తరలివచ్చింది. ఈ పేటల్లోనూ, ఇక్కడ తీసిన సినిమాలు ఆడిన ఊళ్లలోనూ త్యాగయ్య, రామదాసు, అన్నమయ్యల పాట ఎంతోమంది చెవిన మొదట పడింది కచేరీలో కాదు, సినిమా హాల్లో. అందుచేత తెలుగు శ్రోత చేసే పోలికలో సినిమా రికార్డుకూ చోటుంది. దాన్ని పక్కన పెట్టకూడదు. అలాగని కచేరీ రికార్డుతో కలిపి ఒకే తక్కెడలో వేయనూ కూడదు.

పోలికకు ముందు తెలియవలసింది కీర్తనలో ఏది స్థిరం, ఏది మారుతుంది అన్నది. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో రచయిత రాసిన స్వరపత్రం చేతిలో ఉంటుంది. వాయించేవారు స్వరం మార్చరు. వేగం, ఒత్తు, శబ్దం హెచ్చుతగ్గులు మాత్రం వారి చేతిలో ఉంటాయి. అంత మాత్రానికే ఎంత తేడా వస్తుందో కెనడా పియానో విద్వాంసుడు గ్లెన్ గూల్డ్ రికార్డులు చూపిస్తాయి. బాఖ్ రచన ‘గోల్డ్‌బెర్గ్ వేరియేషన్స్’ను ఆయన 1955లో ఒకసారి, 1981లో ఒకసారి రికార్డు చేశారు. మొదటిది సుమారు 38 నిమిషాలు, రెండోది సుమారు 51 నిమిషాలు. వేగం మారింది, రెండోసారి వాయించే భాగాల ఎంపికా మారింది. మనిషి ఒకరే, రచన ఒకటే, రికార్డులు మాత్రం రెండు వేర్వేరు అనుభవాలు.

కర్ణాటక సంగీతంలో ఈ తేడా ఇంకా లోతుగా వెళ్తుంది. ఇక్కడ సాహిత్యం, రాగం, తాళం, పల్లవి అనుపల్లవి చరణాల కట్టడి స్థిరంగా ఉంటాయి. సంగతులు, అంటే ఒకే పాదాన్ని మార్చి మార్చి పాడే వరసలు, మాత్రం గురుపరంపరను బట్టి మారతాయి. దాన్నే పాఠాంతరం అంటారు. త్యాగరాజస్వామి శిష్యుల్లో ఉమయాళ్‌పురం, తిల్లైస్థానం, వాలాజాపేట శాఖలు ప్రసిద్ధమైనవి. ఆంధ్రదేశానికి ఆ సంపద మరో దారిన కూడా వచ్చింది. త్యాగయ్య శిష్యుడు మానాంబుచావడి వెంకటసుబ్బయ్య, ఆయన శిష్యుడు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి, ఆయన శిష్యుడు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు, ఆయన శిష్యుడు మంగళంపల్లి బాలమురళీకృష్ణ. కాబట్టి రెండు రికార్డుల్లో సంగతులు వేరుగా వినిపిస్తే ఒకటి తప్పు, ఒకటి ఒప్పు అని తేల్చనక్కర్లేదు. రెండూ వేర్వేరు పాఠాలు కావచ్చు. పాఠానికి పైన ఆలాపన, నెరవు, కల్పనస్వరం ఉంటాయి. అవి ఆ పూట పుట్టిన సంగీతం, ఏ రికార్డుకా రికార్డుకే సొంతం.

ఇక పోలికలో మొదటి మెట్టు రికార్డు ఏ సందర్భంలో పుట్టిందన్నది. ఇందులో నాలుగు రకాలున్నాయి. మొదటిది స్టూడియో రికార్డు. నిడివి ముందే తెలుసు, తప్పు వస్తే మళ్లీ పాడవచ్చు, శబ్దం తేటగా ఉంటుంది. కీర్తన నేర్చుకునేవారికి ఇది అనువైనది. రెండోది కచేరీ రికార్డు. సభలో దగ్గులూ, చప్పట్లూ వినిపిస్తాయి, ఒకచోట మైకు దూరమవుతుంది. అయినా గాయకుడు, వయొలిన్ విద్వాంసుడు, మృదంగ విద్వాంసుడు ఒకరి మాట ఒకరు అందుకునే వేడి అందులోనే ఉంటుంది. మూడోది రేడియో రికార్డు. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. తెలుగు నేల మీది గొప్ప విద్వాంసులెందరో ఆ స్టూడియోలో పాడారు. సభ సందడి ఉండదు, సినిమా రికార్డింగులో ఉండే తొందరా ఉండదు, కేటాయించిన సమయంలో కచేరీ సాగుతుంది. నాలుగోది సినిమా రికార్డు. అక్కడ కీర్తన ఒక పాత్ర నోట, ఒక సన్నివేశం కోసం, కొద్ది నిమిషాల్లో ముగియాలి.

ఓలేటి వెంకటేశ్వర్లు సంగీతం ఈ విభజన ఎందుకు అవసరమో చెబుతుంది. 1928లో పుట్టి 1989లో కన్నుమూసిన ఓలేటి విజయవాడ ఆకాశవాణిలో పనిచేశారు. రాగభావంలో ఆయన సూక్ష్మం విద్వాంసులే మెచ్చుకునేది. ఆయన గానం ఈ తరానికి అందింది ప్రధానంగా రేడియో, కచేరీ టేపుల ద్వారానే. కొన్ని టేపుల్లో ధ్వని పలచగా ఉంటుంది. కేవలం ధ్వని చూసి ఎంచుకునేవారు ఓలేటిని పోగొట్టుకుంటారు.

సందర్భంతో పాటే చూడవలసింది మాధ్యమం నిడివి. 10 అంగుళాల 78 రికార్డు, అంటే పాతకాలపు గ్రామఫోను ప్లేటు, ఒక పక్క సుమారు మూడు నిమిషాలు మోగుతుంది. ఆ మూడు నిమిషాల్లో పల్లవి, అనుపల్లవి, చరణం ముగించాలి, వీలైతే నాలుగు స్వరాలు వేయాలి. అందుకే 78 రికార్డుల్లో వేగం కొంచెం ఎక్కువ, సంగతులు తక్కువ, ఆలాపన ఒక మెరుపు మాత్రమే. దాన్ని చూసి ఆ రోజుల్లో అందరూ అంత గబగబా పాడేవారని అనుకోవడం పొరపాటు. తర్వాత వచ్చిన 12 అంగుళాల ఎల్‌పీ ఒక పక్క 20 నుంచి 25 నిమిషాలు ఇచ్చింది. దాంతో ఒక పెద్ద కృతిని ఆలాపనతో సహా ఒక పక్కలో ఇమడ్చగలిగారు. 60 నిమిషాల క్యాసెట్ పక్కకు అరగంట, 90 నిమిషాల క్యాసెట్ పక్కకు ముప్పావుగంట ఇచ్చింది. 1982లో మార్కెట్లోకి వచ్చిన సీడీ 74 నిమిషాల దాకా పక్క తిప్పకుండా మోగింది. రాగం తానం పల్లవి తెగకుండా వినడానికి ఇది పెద్ద సౌకర్యం. పోల్చేటప్పుడు 78 రికార్డును 78 రికార్డుతో, ఎల్‌పీని ఎల్‌పీతో పోల్చడం న్యాయం.

నిడివి తక్కువైతే విలువ తక్కువ కాదు. విజయనగరం మహారాజావారి సంగీత కళాశాలకు 1936లో అధ్యక్షులైన ద్వారం వెంకటస్వామినాయుడు వయొలిన్ రికార్డులు ఇందుకు నిదర్శనం. 1893లో పుట్టి 1964లో కన్నుమూసిన నాయుడు వయొలిన్‌ను పక్కవాద్యం స్థానం నుంచి తీసుకొచ్చి సభ మధ్యలో కూర్చోబెట్టినవారిలో ముఖ్యులు. ఆయన 78 రికార్డుల్లో కమాను ఒత్తు ఎక్కడా తెగదు, స్వరం మొదలు నుంచి చివరి దాకా ఒకే నిండుతనంతో నిలుస్తుంది. మూడు నిమిషాల్లో ఏ స్వరం వృథా కాకుండా రాగం బొమ్మ ఎలా కట్టాలో నేర్చుకోవడానికి అంతకు మించిన పాఠం లేదు.

సినిమా రికార్డును ఎలా తూచాలన్నదానికి ‘శంకరాభరణం’ మంచి ఉదాహరణ. కె. విశ్వనాథ్ దర్శకత్వంలో, కె.వి. మహదేవన్ సంగీతంతో ఆ సినిమా 1980లో విడుదలైంది. సంగీత దర్శకుడికి, గాయకుడు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యానికి, గాయని వాణీ జయరామ్‌కు ముగ్గురికీ జాతీయ పురస్కారాలు వచ్చాయి. అందులో మైసూరు వాసుదేవాచార్యుల ఖమాస్ రాగ కృతి ‘బ్రోచేవారెవరురా’ను బాలసుబ్రహ్మణ్యం, వాణీ జయరామ్ పాడారు. వాసుదేవాచార్యులు 1865 నుంచి 1961 దాకా జీవించిన మైసూరు విద్వాంసులు. కన్నడ దేశపు రచయిత తెలుగులో రాసిన ఈ కృతి ఆ సినిమాతో తెలుగువారి ఇంటింటా మోగింది.

ఈ కృతి సినిమా రికార్డునూ, ఏదైనా మంచి కచేరీ రికార్డునూ పక్కపక్కన పెట్టి వింటే తేడా స్పష్టమవుతుంది. సినిమాలో ఆలాపనకు, నెరవుకు చోటు లేదు. పల్లవి సంగతుల్లో కొన్ని మాత్రమే వస్తాయి. రెండు గొంతులు మార్చి మార్చి పాడటం వల్ల కృతి సంభాషణలా నడుస్తుంది. చిట్టస్వరం తళుక్కుమని ముగుస్తుంది. కచేరీలో ఇదే కృతి పది పదిహేను నిమిషాలు సాగవచ్చు. ఖమాస్‌లో నిషాదం రెండు రూపాల్లో తొంగిచూస్తుంది. దాన్ని ఆలాపనలో తీరికగా చూపిస్తారు. పల్లవి ఒక్కో సంగతితో మెట్టు మెట్టుగా పైకెళ్తుంది. చరణంలో ఒక పాదం పట్టుకుని నెరవు చేస్తే, వేడుకోలులో ఉన్న ఆర్తి ఒక్కో ఆవృత్తానికీ చిక్కబడుతుంది. సినిమా రికార్డులో ఉన్నది కృతి ముఖం. కచేరీ రికార్డులో ఉన్నది దాని విస్తారం. మొదటిది విన్నవారికి రెండోది త్వరగా అర్థమవుతుంది. కొనేవారు రెండూ కొనవచ్చు. ఒకటి ఉంటే రెండోది అక్కర్లేదనుకోవడమే నష్టం.

అదే సినిమాలో వాణీ జయరామ్ పాడిన ‘పలుకే బంగారమాయెనా’ మరో రకం పోలికకు పనికొస్తుంది. నేలకొండపల్లిలో పుట్టి, భద్రాచలంలో రామాలయం కట్టించి, గోల్కొండలో చెరసాల అనుభవించిన కంచర్ల గోపన్న, అంటే రామదాసు రచన ఇది. రామదాసు కీర్తనలకు స్వరం రాసిపెట్టిన పాత ప్రతి లేదు. భజన సంప్రదాయంలో నోటి నుంచి నోటికి వచ్చిన వరసలే ఆధారం. వాటిని కచేరీ స్థాయికి తెచ్చి ఊరూరా ప్రచారం చేసినవారు బాలమురళీకృష్ణ. ఆయన పాడిన ఆనందభైరవి వరసే ఈ కీర్తనకు గుర్తుగా నిలిచింది. రెండు రికార్డులూ విన్నప్పుడు రాగం ఒకటే అని తెలుస్తుంది. బాలమురళి గొంతులో మంద్రం నుంచి తారస్థాయి దాకా శ్రమ లేని సంచారం, మాట మీద నిలకడ వినిపిస్తాయి. వాణీ జయరామ్ గొంతులో వేడుకునే మనిషి దైన్యం ముందుకొస్తుంది. రామదాసు కీర్తనల కోసం ఒకే సంపుటం కొనేవారు బాలమురళితో మొదలుపెట్టడం సబబు. సినిమా రికార్డు దానికి తోడు.

త్యాగయ్య జీవితం మీద వచ్చిన రెండు సినిమాలూ ఇలాగే తమ కాలపు సంగీత పత్రాలు. చిత్తూరు వి. నాగయ్య 1946లో ‘త్యాగయ్య’ను తానే నిర్మించే బాధ్యత మోసి, దర్శకత్వం వహించి, నటించి, పాడారు. బాపు దర్శకత్వంలో 1981లో వచ్చిన ‘త్యాగయ్య’కు మహదేవన్ సంగీతం కూర్చారు. నాగయ్య శాస్త్రీయ సంగీతం అభ్యసించిన నటుడు. ఆయన పాటలో పాత కచేరీ బాణీ గొంతు, పద్యం చదివే ఉచ్చారణ కలిసి ఉంటాయి. రెండో సినిమాలో పాడిన బాలసుబ్రహ్మణ్యం శాస్త్రీయ సంగీతంలో గురుముఖంగా శిక్షణ పొందినవారు కాదు. మాట పలికించడంలో, భావం పట్టడంలో ఆయనకున్న శక్తి ఆ కీర్తనలను సామాన్య శ్రోతకు దగ్గర చేసింది. ఒకటి సంప్రదాయానికి దగ్గర, ఒకటి జనానికి దగ్గర. ఏ అవసరానికి ఏది కావాలో కొనేవారే ఎంచుకోవాలి.

పంచరత్న కీర్తనల రికార్డు కొనేటప్పుడు వేరే జాగ్రత్త కావాలి. నాటలో ‘జగదానందకారక’, గౌళలో ‘దుడుకుగల’, ఆరభిలో ‘సాధించెనే’, వరాళిలో ‘కనకనరుచిరా’, శ్రీరాగంలో ‘ఎందరో మహానుభావులు’. ఇవన్నీ ఆదితాళంలోనే ఉన్నాయి. మొదటిది సంస్కృతం, మిగతా నాలుగూ తెలుగు. వీటి చరణాల్లో ముందు స్వరం పాడి, అదే వరసలో సాహిత్యం పాడటం పద్ధతి. ‘ఎందరో’కు పది చరణాలున్నాయి. నిడివి కోసం కొన్ని రికార్డుల్లో స్వరం వదిలేసి సాహిత్యం మాత్రమే పాడతారు, కొన్నిటిలో చరణాలే తగ్గిస్తారు. అట్ట మీద ‘పంచరత్న కీర్తనలు’ అని ఉన్నంత మాత్రాన అన్నీ సంపూర్ణంగా ఉన్నాయని కాదు. వరాళి రాగాన్ని నేర్పడానికి జంకే నమ్మకం ఒకటి ఉంది కనుక, ఆ ఒక్కటి ముక్తసరిగా ముగిసిందేమో కూడా చూసుకోవాలి. అయిదూ సంపూర్ణంగా పాడితే గంట దాకా పడుతుంది. అరగంటలో అయిదూ ముగిశాయంటే ఏదో తగ్గిందనే అర్థం.

పంచరత్నాల్లో బృందగానం ఒక తీరు, ఒక్క గొంతు మరో తీరు. తిరువయ్యారు ఆరాధనలో వందల గొంతులు ఒక్కటిగా పాడేది భక్తి కోసం. అందులో సంగతుల సూక్ష్మం కలిసిపోతుంది. నేర్చుకునేవారికి ఒక్క గొంతు రికార్డు కావాలి. పండుగ పూట ఇంటిల్లిపాదీ వినడానికి బృందగానం నిండుగా ఉంటుంది.

అన్నమాచార్యుల సంకీర్తనల దగ్గరకు వచ్చేసరికి పోలిక స్వభావమే మారిపోతుంది. 1408 నుంచి 1503 దాకా జీవించిన అన్నమయ్య సంకీర్తనలు రాగిరేకుల మీద భద్రంగా ఉన్నాయి. 32 వేలు రచించారని ప్రతీతి. దొరికినవి సుమారు 14 వేలు. రేకు మీద రాగం పేరు ఉంటుంది, స్వరం ఉండదు. కనుక నేడు వినిపించే వరసలు చాలావరకు 20వ శతాబ్దపు విద్వాంసులు కట్టినవే. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ ఈ పనిలో ముఖ్యులు. ఒకే సంకీర్తన రెండు రికార్డుల్లో రెండు రాగాల్లో వినిపించడానికి కారణం ఇదే. ఇక్కడ పోల్చవలసింది గాయకుల్ని మాత్రమే కాదు, వరస కట్టినవారిని కూడా. అట్ట మీద ‘స్వరకల్పన’ లేదా ‘సంగీతం’ అన్న చోట ఎవరి పేరుందో చూడటం మొదటి పని.

‘నానాటి బతుకు’ను తీసుకుంటే, రేవతి రాగంలో నేదునూరి కట్టిన వరస దేశమంతా వ్యాపించింది. ఎమ్మెస్ సుబ్బులక్ష్మి 1980 ప్రాంతంలో తిరుమల తిరుపతి దేవస్థానాల పూనికతో ‘బాలాజీ పంచరత్నమాల’ పేరిట అయిదు సంపుటాలు పాడారు. అన్నమయ్య పేరు తెలుగు నేల దాటి ఇళ్లకు చేరడంలో ఆ రికార్డుల పాత్ర పెద్దది. ఆమె గొంతులో శ్రుతిశుద్ధి, భక్తి, ప్రతి అక్షరం మీద శ్రద్ధ ఉంటాయి. నేదునూరి స్వయంగా పాడిన రికార్డుల్లో రాగం కట్టుదిట్టంగా, గమకం బరువుగా ఉంటుంది. వరస కట్టినవారి మనసులో ఏముందో అందులో తెలుస్తుంది. బాలకృష్ణప్రసాద్ గానంలో తెలుగు నుడికారం విడమరచినట్టు వినిపిస్తుంది. మాట తెలిసిన శ్రోతకు అది ముందు నచ్చుతుంది. 1997లో కె. రాఘవేంద్రరావు తీసిన ‘అన్నమయ్య’కు సంగీతం కూర్చిన కీరవాణికి జాతీయ పురస్కారం వచ్చింది. ఆ ఆల్బం అన్నమయ్యను కుర్రకారుకు చేర్చింది. నాలుగూ నాలుగు అవసరాలు తీరుస్తాయి.

ఇక రికార్డు ఏదైనా సరే, చెవితో పెట్టవలసిన పరీక్షలు నాలుగున్నాయి. మొదటిది శ్రుతి. తంబూరా రికార్డు పొడుగునా వినిపిస్తోందా, గొంతు షడ్జమం మీద, పంచమం మీద నిలిచినప్పుడు దానిలో కలిసిపోతోందా అని వినాలి. రెండోది సాహిత్యం. త్యాగయ్య, రామదాసు, అన్నమయ్య రాసింది తెలుగు. తెలుగు రాని గొప్ప విద్వాంసులు కూడా ఈ భాషను భక్తితో నేర్చి పాడారు. అయినా తాళం కోసం మాటను అర్థం చెడే చోట విరవడం, దీర్ఘం పోగొట్టడం, ఒత్తులు జారవిడవడం కొన్ని రికార్డుల్లో వినిపిస్తాయి. ఇంట్లో పిల్లలు విని నేర్చుకునే రికార్డయితే ఈ పరీక్షకు పెద్ద పీట వేయాలి. మూడోది కాలప్రమాణం. మొదలుపెట్టిన వేగం చివరి దాకా నిలవాలి. చౌకకాలపు కృతిని పరుగు పెట్టిస్తే సంగతులు నలిగిపోతాయి. నాలుగోది పక్కవాద్యం. వయొలిన్ గాయకుడి నీడలా నడుస్తోందా, మృదంగం సాహిత్యాన్ని మోస్తోందా, మింగేస్తోందా అని గమనించాలి. మూడు రికార్డుల్లో ఒకే అనుపల్లవిని వరుసగా రెండేసి సార్లు వింటే ఈ నాలుగూ తేలిపోతాయి. కృతి మొత్తం మూడుసార్లు వినడం కన్నా ఇది మేలైన పద్ధతి. చెవి అలసిపోదు, తేడా గుర్తుంటుంది.

వాద్య రికార్డుల్లో మాట ఉండదు కనుక గమకమే పరీక్ష. ఈమని శంకరశాస్త్రి వీణ గాయకుడి గొంతులా పలుకుతుంది. ఒక మీటు వేసి, తీగను లాగి, నాలుగైదు స్వరాలు దానిలోనే పలికించడం ఆయన ప్రత్యేకత. ఆయన శిష్యుడు చిట్టిబాబు వీణలో శబ్దసౌందర్యం, వర్ణనాశక్తి ఎక్కువ. కొత్త శ్రోతను అది వెంటనే ఆకట్టుకుంటుంది. ఒంగోలు దగ్గర కరవదిలో 1924లో పుట్టి శ్రీరంగంలో స్థిరపడ్డ షేక్ చినమౌలానా నాదస్వరంలో రాగాలాపన తీరికగా, గంభీరంగా సాగుతుంది. ఇలా మూడు వాద్యాల మీద ఒకే రాగం వింటే ఆ రాగం స్వరూపం మనసులో స్థిరపడుతుంది.

ధ్వని నాణ్యతలో ముందుగా చూడవలసింది వేగం. పాత 78 రికార్డులు అన్నీ కచ్చితంగా 78 చుట్ల వేగంతో తయారు కాలేదు. వాటిని కొత్తగా ఎక్కించేటప్పుడు వేగం సుమారు 6 శాతం పెరిగితే శ్రుతి ఒక స్వరస్థానం, అంటే అర శ్రుతి పైకి జరుగుతుంది. గొంతు సన్నబడుతుంది, గమకం వణుకులా వినిపిస్తుంది. పురుషులు సాధారణంగా ఒకటి నుంచి రెండు శ్రుతి మధ్య, స్త్రీలు నాలుగున్నర నుంచి ఆరు మధ్య పాడతారు. ఒక విద్వాంసుడి మిగతా రికార్డులన్నీ ఒకటిన్నరలో ఉండి, ఒక్కటి మాత్రం రెండున్నరలో మోగితే ఆ ప్రతిని అనుమానించాలి. శ్రుతిపెట్టెతో ఎవరైనా ఇది సరిచూసుకోవచ్చు.

రెండోది రొద తగ్గించే పని. పాత ప్లేటు గరగర తీసేయబోయి తంబూరా నాదాన్నీ, సకార శకారాల గాలినీ, మృదంగం కుడి మూత గణగణనూ కూడా తీసేసిన ప్రతులు ఉన్నాయి. గరగర కొంచెం ఉన్నా ప్రాణం ఉన్న ప్రతి మేలు. మూడోది డిజిటల్ ప్రతి నాణ్యత. సీడీలో సెకనుకు సుమారు 1411 కిలోబిట్ల సమాచారం ఉంటుంది. 128 కిలోబిట్ల ఎంపీ3లో అందులో పదో వంతు కూడా మిగలదు. ఫోన్ స్పీకర్లో తేడా తెలియకపోవచ్చు, మంచి హెడ్‌ఫోన్లో వీణ నాదం చివర ఎలా ఆరిపోతుందో వింటే తెలుస్తుంది. ఒకే ధరకు రెండూ దొరికితే సీడీగానీ, నష్టం లేని ఫ్లాక్ ఫైలుగానీ కొనాలి.

కొత్త రికార్డుల్లో మరో విషయం ఉంది. నేటి స్టూడియోల్లో గొంతు ఒకరోజు, వయొలిన్ ఒకరోజు, లయ ఒకరోజు విడివిడిగా ఎక్కించి కలపడం మామూలు. శ్రుతి సరిచేసే సాఫ్ట్‌వేర్ కూడా సినిమా పాటల్లో వాడుకలో ఉంది. అది స్వరాన్ని పన్నెండు స్థానాల్లో ఒకదానికి లాగుతుంది. గమకమేమో ఆ స్థానాల మధ్యే జీవిస్తుంది. అలా సరిచేసిన కీర్తనలో తోడి, సహాన లాంటి రాగాలు చప్పబడిపోతాయి. అందరూ ఒకే గదిలో కూర్చుని పాడిన రికార్డు దొరికినప్పుడు దానికే మొగ్గు చూపాలి.

కొనే చోట చూడవలసినవి కూడా ఉన్నాయి. పాత హెచ్.ఎం.వి. రికార్డులను విడుదల చేసిన గ్రామఫోన్ కంపెనీ 2000లో సారెగమగా పేరు మార్చుకుంది. పాత రికార్డులే కొత్త అట్టలతో, కొత్త పేర్లతో మళ్లీ మళ్లీ వచ్చాయి. నిడివి సెకన్లతో సహా ఒకటే అయి, పక్కవాద్యాల పేర్లూ ఒకటే అయితే అది ఇంట్లో ఉన్న రికార్డే. పక్కవాద్యాల పేర్లు, సంవత్సరం, కచేరీనా స్టూడియోనా అన్న వివరం ఇచ్చే ప్రచురణకు ప్రాధాన్యం ఇవ్వాలి. ఆకాశవాణి తన భాండాగారంలోని కచేరీలను ‘ఆకాశవాణి సంగీత్’ పేరిట విడుదల చేసింది. అన్నమయ్య కోసం దేవస్థానాల ప్రచురణలు ఉన్నాయి.

పాత ప్లేట్లు, ఎల్‌పీలు ఇష్టపడేవారికి బోరబండ పక్కనే ఎర్రగడ్డలో ఆదివారం పాత సామాన్ల సంత ఉంది. అలాంటి చోట రికార్డు కనిపిస్తే అట్టలోంచి బయటకు తీసి వెలుతురుకు వాలుగా పట్టుకోవాలి. గోరుకు తగిలే గీత ఉంటే అక్కడ టకటక వినిపిస్తుంది. కంటికి మాత్రమే కనిపించే వెంట్రుకవాసి గీతలు పెద్దగా బాధించవు. అంచు వెంట చూస్తే వంపు తెలుస్తుంది, వంగిన ఎల్‌పీ శ్రుతిని ఊగిస్తుంది. లోపలి రికార్డూ, పై అట్టా ఒకటేనా అని లేబుల్ చదవాలి. 78 రికార్డు లక్కతో చేసినది, జారితే పగులుతుంది. దాని గాడి వెడల్పు కనుక ఎల్‌పీ సూది పనికిరాదు, వేరే సూది కావాలి. మన చట్టంలో ధ్వనిముద్రణ హక్కు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు ఉంటుంది. ఆ గడువులో ఉన్నవాటికి అధికారిక ప్రతి కొంటేనే హక్కుదారులకు వాటా చేరే వీలుంటుంది.

కొత్తగా సేకరణ మొదలుపెట్టే ఇంటికి ఒక క్రమం సరిపోతుంది. స్వరసాహిత్యాలతో సంపూర్ణమైన పంచరత్నాలు ఒకటి. బాలమురళి గొంతులో రామదాసు కీర్తనలు ఒకటి. అన్నమయ్య సంకీర్తనలు నేదునూరి, ఎమ్మెస్, బాలకృష్ణప్రసాద్‌లలో ఇద్దరివైనా. ద్వారం వయొలిన్ లేదా ఈమని వీణ ఒకటి. వర్ణం నుంచి మంగళం దాకా తెగని పూర్తి కచేరీ ఒకటి. దానికి ఓలేటి గానీ నేదునూరి గానీ తగినవారు. పక్కనే ‘శంకరాభరణం’. ఆ తర్వాత మనసుకు పట్టిన కీర్తన ఒకదానికి రెండో రికార్డు కొనాలి. మొదటిది కీర్తన రూపాన్ని తేటగా చూపే చిన్న రికార్డయితే, రెండోది మనోధర్మం విప్పి చూపే పెద్ద రికార్డు కావాలి. పది కీర్తనలకు ఒక్కో రికార్డు ఉన్న అలమరా కన్నా, అయిదు కీర్తనలకు రెండేసి రికార్డులున్న అలమరా చెవికి ఎక్కువ నేర్పుతుంది. ఆ నేర్పు వచ్చిన శ్రోతకు తర్వాత ఏది కొనాలో ఒకరు చెప్పనక్కర్లేదు.